నొప్పించడం, నొచ్చుకోవడం: జాతి గురించిన మాట ఎందుకు గుచ్చుకుంటుంది?

2022 నవంబర్ 29న లండన్‌లోని బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఒక కార్యక్రమం జరిగింది. స్త్రీల మీద హింసను ఆపడానికి పనిచేస్తున్నవాళ్లను రాణి కమిల్లా పిలిచారు. వచ్చినవాళ్లలో ఎన్గోజీ ఫులానీ ఒకరు. గృహహింసకు గురైన నల్లజాతి స్త్రీలకు అండగా ఉండే సిస్టా స్పేస్ అనే సంస్థను ఆవిడ నడిపేవారు. అక్కడ ఆవిడకు లేడీ సూసన్ హస్సీ ఎదురయ్యారు. 83 ఏళ్ల పెద్దావిడ, దశాబ్దాలుగా రాజకుటుంబానికి సేవ చేసిన మనిషి, యువరాజు విలియంకు గాడ్‌మదర్.

తర్వాత జరిగింది ఫులానీ చెప్పిన ప్రకారం ఇది. బ్యాడ్జి మీద పేరు చదవడానికి ఆ పెద్దావిడ ఫులానీ జుట్టును చేత్తో పక్కకు జరిపారు. మీరు ఎక్కడి నుంచి వచ్చారు అని అడిగారు. ఫులానీ సంస్థ పేరు చెప్పారు. కాదు, మీరు ఎక్కడి నుంచి? హాక్నీ నుంచి అన్నారు, అది లండన్‌లోని ఒక ప్రాంతం. కాదు, ఆఫ్రికాలో ఎక్కడ? ఇక్కడే పుట్టాను, బ్రిటిష్‌ని అన్నారు. అది కాదు, అసలు మీరు ఎక్కడివాళ్లు, మీ వాళ్లు ఎక్కడివాళ్లు? ప్రశ్న ఇలా తిరిగి తిరిగి అక్కడికే వచ్చింది.

మర్నాడే లేడీ హస్సీ తన గౌరవ పదవికి రాజీనామా చేసి, క్షమాపణ చెప్పారు. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. పెద్దావిడ ఏదో పలకరింపుగా అడిగింది, అందులో అంత తప్పేముంది అని కొందరు అన్నారు. ఇక్కడిదాన్నే అని చెప్పాక కూడా మళ్లీ మళ్లీ అడగడం పలకరింపు ఎలా అవుతుంది అని మరికొందరు అన్నారు. వారాల తరబడి వాదించుకున్నా ఎవరూ ఒక్క అడుగు కదల్లేదు.

ఎందుకు కదల్లేదంటే, నా ఉద్దేశంలో, వాళ్లు ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదు. ఒకరు "ఆవిడ మనసులో చెడు ఉందా?" అనే ప్రశ్నకు జవాబు చెబుతున్నారు. ఇంకొకరు "ఆ మాట ఎదుటి మనిషిని ఏం చేసింది?" అనే ప్రశ్నకు చెబుతున్నారు. ఇవి రెండూ వేరువేరు. మొదటిదానికి "లేదు" అన్నంత మాత్రాన రెండోదానికి "ఏమీ చెయ్యలేదు" అని జవాబు రాదు. రెండోదానికి "గాయపరిచింది" అన్నంత మాత్రాన మొదటిదానికి "చెడు ఉంది" అని జవాబు రాదు. జాతి, రంగు, పుట్టుక గురించి రోజూ ఇళ్లలో, ఆఫీసుల్లో, క్లాసుల్లో జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఈ కలగాపులగమే.

మన భాషలో ఈ రెండింటికీ విడివిడిగా మాటలు ఉన్నాయి. ఒకటి నొప్పించడం, ఇంకొకటి నొచ్చుకోవడం. నొప్పించేది మాట అన్నవాడు. నొచ్చుకునేది విన్నవాడు. "అతను నొచ్చుకున్నాడు" అన్నప్పుడు ఆ పని చేసినవాడు అతనే అన్నట్టు వినిపిస్తుంది, తప్పు కూడా కాస్త అతని వైపుకే ఒరిగినట్టు ఉంటుంది. "నేను నొప్పించాను" అంటే పని నాదవుతుంది. ఒకే సంఘటనను ఈ రెండు క్రియల్లో దేనితో చెబుతున్నామో గమనిస్తే, మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామో తెలిసిపోతుంది.

చట్టం ఏం చెబుతోంది?

ఉద్దేశమా, ఫలితమా అనే ఈ ప్రశ్నను చట్టాలు రాసినవాళ్లు చాలాకాలం కిందే ఎదుర్కొన్నారు. 1965లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో మొదటి అధికరణంలోనే జాతి వివక్ష అంటే ఏమిటో నిర్వచించారు. జాతి, రంగు, వంశం, జాతీయ మూలం ఆధారంగా చూపే తేడా వల్ల మనుషుల సమాన హక్కులకు భంగం కలిగితే అది వివక్ష. ఆ భంగం "ఉద్దేశం"గా ఉన్నా సరే, "ఫలితం"గా ఉన్నా సరే. రెండింటినీ పక్కపక్కన పెట్టారు. కావాలని చెయ్యలేదు అన్న ఒక్క మాటతో లెక్క ముగిసిపోదన్నమాట.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఇంకొంచెం ముందుకు వెళ్లింది. వేధింపు గురించి చెప్పే 26వ సెక్షన్ కూడా ఉద్దేశం గానీ ఫలితం గానీ అనే అంటుంది. అయితే ఫలితాన్ని తేల్చేటప్పుడు మూడు విషయాలు చూడాలంటుంది. ఒకటి, ఆ మనిషికి అది ఎలా అనిపించింది. రెండు, అప్పటి పరిస్థితులేమిటి. మూడు, ఆ ప్రవర్తన వల్ల అలా అనిపించడం సబబేనా. నాకు ఈ మూడూ కోర్టులకే పరిమితం కావాల్సినవిగా అనిపించవు. నొచ్చుకున్న మనిషి మాటను మొట్టమొదట వినాలి. కానీ వినడం దగ్గరే ఆగిపోకూడదు, చుట్టూ ఏం జరిగిందో చూడాలి, ఆ మాటకు ఆ బాధ సరితూగుతుందా అని కూడా అడగాలి. ఏ ఒక్కటి వదిలేసినా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఈ చట్టానికి ముందు జరిగిన ఒక విషయాన్ని చాలామంది అపార్థం చేసుకున్నారు. 1993 ఏప్రిల్‌లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాడు బస్సు కోసం ఎదురుచూస్తుండగా తెల్లజాతి కుర్రాళ్ల గుంపు పొడిచి చంపేసింది. పోలీసులు దర్యాప్తును గాలికి వదిలేశారు. దానిమీద వేసిన విచారణ సంఘం 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక ఇచ్చింది. బాధితుడికి గానీ, ఇంకెవరికి గానీ ఒక ఘటన జాతి వివక్షగా అనిపిస్తే, దాన్ని జాతి వివక్ష ఘటనగానే నమోదు చెయ్యాలని అందులో సిఫారసు చేశారు. "అంటే నాకు అనిపిస్తే చాలు, అవతలివాడు దోషి అయిపోతాడా?" అని గగ్గోలు పుట్టింది. ఆ నిర్వచనం పెట్టింది నమోదు కోసం. ఫిర్యాదును పోలీసులు మొదట్లోనే చెత్తబుట్టలో పడెయ్యకుండా ఉండటానికి. నిజమా కాదా అని తేల్చే పని ఆ తర్వాతిది.

ఇది ఇంట్లోనూ పనికొచ్చే తేడా. "నాకు బాధ కలిగింది" అన్న మాటను ఫిర్యాదుగా తీసుకుని వింటే సంభాషణ మొదలవుతుంది. దాన్నే తీర్పుగా వినిపించినా, తీర్పుగా విన్నా గొడవ మొదలవుతుంది.

ఒకరికి ఒకటి, ఇంకొకరికి నూరోది

చెస్టర్ పియర్స్ అని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు ఉండేవారు. ఆయనా నల్లజాతివారే. తన చుట్టూ ఉన్న నల్లజాతివాళ్లను గాయపరుస్తున్నవి పెద్ద దాడులు మాత్రమే కావని, రోజూ ఎదురయ్యే చిన్న చిన్న విదిలింపులు కూడా అని ఆయన గమనించారు. 1970లో వాటికి మైక్రోఅగ్రెషన్ అని పేరు పెట్టారు. విడిగా చూస్తే ఒక్కొక్కటీ ఏమంత లెక్కలోకి రాదు, కానీ పోగుపడితే బరువవుతుంది అన్నది ఆయన చెప్పినదాని సారం. 2007లో డెరాల్డ్ వింగ్ సూ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి వీటిని రకాలుగా విడదీసి చెప్పాక, ఈ పదం విశ్వవిద్యాలయాల నుంచి ఆఫీసుల దాకా పాకింది.

ఒక చిన్న దృశ్యం ఊహించుకోండి. ఇంగ్లీష్ మాట్లాడే దేశంలో ఒక ఆఫీసు. కొత్తగా చేరిన, తెల్లజాతి కాని ఒకమ్మాయి మీటింగ్‌లో మాట్లాడింది. అవ్వగానే పక్కసీటు ఆయన నవ్వుతూ "మీ ఇంగ్లీష్ భలే బాగుందండీ" అన్నాడు. నిజంగా మెచ్చుకోవాలనే అన్నాడు. ఆవిడ ఆ దేశంలోనే పుట్టింది, ఆమెకు ఆ భాష తప్ప ఇంకోటి రాదు. "థాంక్యూ" అంది. ఆమె నవ్వు సగంలోనే ఆగిపోవడం ఆయన చూడలేదు. ఆయన లెక్కలో అది ఆ రోజు తాను అన్న ఒక మంచి మాట. ఆమె లెక్కలో బడి నుంచీ వింటున్న మాట. ఎన్నోసారో గుర్తుండదు కూడా. ప్రతిసారీ దాని అడుగున ఉండే అర్థం మాత్రం ఒకటే: నిన్ను చూస్తే ఇక్కడిదానివి అనిపించదు.

కాబట్టి ఆమె రేపెప్పుడో కాస్త విసుగ్గా జవాబిస్తే ఆయన ఆశ్చర్యపోతాడు. "మెచ్చుకుంటే కోపమేంటి?" అంటాడు. ఆయన చూస్తున్నది ఒక్క మాటను, ఆమె మోస్తున్నది మొత్తం వరసను. ముల్లు వెళ్లి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని మన పెద్దలు అన్నది ఇలాంటి చోటే బాగా అర్థమవుతుంది. ముల్లుకు తనవల్ల ఏదో అయిందని తెలియను కూడా తెలియదు.

జుట్టు ముట్టుకోవడం కూడా ఇలాంటిదే. ఉంగరాల జుట్టు చూసి ముచ్చటపడి చెయ్యి వేసేవాళ్లు తప్పు చేస్తున్నామని అనుకోరు. ఆఫ్రికా మూలాలున్న స్త్రీలకు మాత్రం జుట్టు ముచ్చట దగ్గర ఆగే విషయం కాదు. పుట్టుకతో వచ్చిన జుట్టును అలాగే ఉంచుకుంటే, జడలు అల్లుకుంటే ఉద్యోగంలో, బడిలో అభ్యంతరం చెప్పిన రోజులు ఎన్నో. 2019లో కాలిఫోర్నియా ఆ వివక్షను నిషేధిస్తూ క్రౌన్ యాక్ట్ అనే చట్టమే తెచ్చింది. ఇంత చరిత్ర ఉన్న జుట్టు మీద అడక్కుండా చెయ్యి వేస్తే, వేసినవాళ్లకు అది జుట్టే, వేయించుకున్నవాళ్లకు అంతకన్నా చాలా ఎక్కువ.

అది అదేనా, నా భ్రమా?

ఈ విషయంలో బయటివాళ్లకు అంత తేలిగ్గా అందని భాగం ఒకటుంది. తిట్టు తిట్టులా వస్తే ఒక రకంగా నయం. కోపం తెచ్చుకోవచ్చు, ఎదురు తిరగొచ్చు. అనుమానం అలా కాదు, తొలిచేస్తుంది.

2013 జులైలో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న బరాక్ ఒబామా ఒక రోజు విలేకరుల ముందుకొచ్చి మాట్లాడారు. దుకాణంలోకి వెళితే వెనకాలే ఎవరో కనిపెడుతూ రావడం, రోడ్డు దాటుతుంటే ఆగి ఉన్న కార్ల తలుపులు టక్కున లాక్ అవడం, లిఫ్టులో ఎక్కితే పక్కనున్న ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ గట్టిగా పట్టుకోవడం: ఇవి ఎదురవని నల్లజాతి మగవాళ్లు చాలా అరుదు అన్నారు. సెనేటర్ కాకముందు తనకూ అయ్యాయని చెప్పారు. ఆ కారు లాక్ చప్పుడునే తీసుకోండి. ఆ కారులో ఉన్నావిడ ఎవరొచ్చినా లాక్ వేసుకునే మనిషేమో. వేసుకోవడం అప్పుడే గుర్తొచ్చిందేమో. రోడ్డు మీద నడిచే మనిషికి అది ఎప్పటికీ తెలియదు. అడిగి తెలుసుకునే వీలు లేదు. ఊరుకుందామంటే మనసు ఊరుకోదు.

1991లో జెనిఫర్ క్రోకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దీన్ని ఒక ప్రయోగంలో పట్టుకున్నారు. నల్లజాతి విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి, పక్క గదిలో ఉన్న తెల్లజాతి విద్యార్థి మీ గురించి అభిప్రాయం చెబుతాడు అన్నారు. మధ్యలో అద్దం ఉంది, దానికి తెర ఉంది. కొందరికి తెర ఎత్తి ఉంచారు, అంటే అవతలివాడికి వీళ్లు కనిపిస్తున్నట్టు. కొందరికి దించారు. విమర్శ వచ్చినప్పుడు, తెర ఎత్తి ఉన్నవాళ్లు దాన్ని జాతి ఖాతాలో వేసే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఇది ఊహించగలిగేదే. మెచ్చుకోలు వచ్చినప్పుడు జరిగింది మాత్రం నన్ను ఆపి ఆలోచింపజేసింది. తెర దించి ఉన్నవాళ్లకు ఆ మెచ్చుకోలుతో తమ మీద తమకు గౌరవం పెరిగింది. తెర ఎత్తి ఉన్నవాళ్లకు పెరగకపోగా తగ్గింది. నిజంగా మెచ్చుకున్నాడా, నా రంగు చూసి జాలిపడ్డాడా అనే సందేహం ఆ మెచ్చుకోలును కూడా తినేసింది. అనుమానం చెడు మాటనే కాదు, మంచి మాటనూ పాడుచేస్తుంది.

2007లో జెసికా సాల్వటోర్, నికోల్ షెల్టన్ ఇంకో సంగతి చూపించారు. ఉద్యోగానికి అభ్యర్థుల్ని ఎంచుకున్న కాగితాలు చదివించి, ఆ తర్వాత ఏకాగ్రత అవసరమైన ఒక పరీక్ష పెట్టారు. ఆ కాగితాల్లో పక్షపాతం ఉందో లేదో తేలనప్పుడు నల్లజాతివాళ్లు పరీక్షలో ఎక్కువ తడబడ్డారు. తెల్లజాతివాళ్లేమో పక్షపాతం బాహాటంగా ఉన్నప్పుడే తడబడ్డారు. అలవాటైనవాళ్లకు బాహాటమైనదాన్ని పక్కన పెట్టడం తెలుసు. తేలనిది మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంటుంది, చేస్తున్న పని మీద ధ్యాసను మింగేస్తుంది.

దీనికి ఎదురుగా 1980 నాటి ఒక ప్రయోగాన్ని చూపించేవాళ్లున్నారు. రాబర్ట్ క్లెక్, ఏంజెలో స్ట్రెంటా చేసినది. మనుషుల ముఖం మీద మేకప్‌తో గాయపు మచ్చ వేసి అద్దంలో చూపించారు. తర్వాత మచ్చ చెదరకుండా ఒక పూత పూస్తాం అని చెప్పి, వాళ్లకు తెలియకుండా మచ్చను తుడిచేశారు. వాళ్లు వెళ్లి ఇంకొకరితో మాట్లాడి వచ్చి, అవతలి మనిషి నా మచ్చనే చూస్తున్నారు, ఇబ్బందిగా మసలుకున్నారు అని చెప్పారు. లేని మచ్చకు! చూశారా, అవమానం అంతా మన ఊహే అని దీన్ని వాడుకుంటారు.

ఆ ప్రయోగం నిజమే, దాన్ని పక్కన పెట్టెయ్యకూడదు. ఎదురుచూసేదే కంటికి కనిపిస్తుందని అది గట్టిగా చెబుతోంది. నొచ్చుకున్న ప్రతిసారీ మన అంచనా సరైనదే అనుకోవడానికి వీల్లేదు. కానీ కొన్ని నిమిషాల కిందట వేసిన నకిలీ మచ్చే మనిషి చూపును అంత మార్చేస్తే, చిన్నప్పటి నుంచీ రంగును బట్టే తనను కొలిచిన లోకంలో పెరిగిన మనిషి చూపు ఎలా ఉంటుంది? పైగా ఆ మచ్చ లేదు. వివక్ష ఉంది.

ఉందని ఎలా తెలుసంటే, లెక్కపెడితే తెలుస్తుంది. మరియన్ బెర్‌ట్రాండ్, సెంథిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు దాదాపు 5,000 ఉత్తుత్తి దరఖాస్తులు పంపారు. అర్హతల్లో తేడా లేదు, పేర్లలోనే తేడా. కొన్నిటికి తెల్లజాతివాళ్లలో ఎక్కువగా వినిపించే పేర్లు, కొన్నిటికి నల్లజాతివాళ్లలో ఎక్కువగా వినిపించే పేర్లు పెట్టారు. మొదటి రకం పేరుకు సుమారు 10 దరఖాస్తులకు ఒక పిలుపు వచ్చింది. రెండో రకం పేరుకు 15 పంపితే ఒకటి. 2004లో ఇది అచ్చయింది. ఇప్పుడు ఆ రెండో రకం పేరున్న ఒక్క మనిషిని ఊహించుకోండి. 12 దరఖాస్తులు పెట్టాడు, ఒక్కచోటి నుంచీ ఫోన్ రాలేదు. పేరు వల్లే రాలేదని అతను చెప్పగలడా? చెప్పలేడు. కాదని మనం చెప్పగలమా? అదీ చెప్పలేం. 5,000 పక్కపక్కన పెడితే గానీ బయటపడని నిజం అది. ఒక్కడి దగ్గర అది ఎప్పుడూ అనుమానంగానే మిగిలిపోతుంది.

చెబితే ఒక బాధ

"అలా అనిపిస్తే అప్పుడే చెప్పొచ్చుగా" అని అంటుంటాం. 2001లో షెరిల్ కైజర్, కరోల్ మిల్లర్ చేసిన అధ్యయనం చూశాక ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు. పరీక్షలో తక్కువ మార్కులు వచ్చిన ఒక నల్లజాతి విద్యార్థి గురించి జనానికి చెప్పారు. మార్కులు వేసినవాళ్లు పక్షపాతం ఉన్నవాళ్లే అని కూడా కొందరికి స్పష్టంగా చెప్పారు. అయినా ఆ విద్యార్థి "వివక్ష వల్లే తక్కువ వచ్చాయి" అంటే చాలు, వీడు గోల చేసేవాడు అనే ముద్ర వేశారు. నా జవాబులు బాగాలేవు అన్న విద్యార్థి మీద ఆ ముద్ర పడలేదు. అంటే నిజం చెప్పినా సరే, చెప్పినందుకు మూల్యం ఉంది. అందుకే చాలామంది మింగేస్తారు. మింగిన పది తర్వాత పదకొండోది బయటికి వస్తుంది, ఆ పదకొండోది అన్న మనిషికి "ఇంత చిన్నదానికి ఇంత గొడవా?" అనిపిస్తుంది.

అక్కడ ఉన్న మూడో మనిషి నోరు తెరిస్తే చాలా తేడా వస్తుంది. ఆ మాట తగిలినవాళ్లకు తాను ఒంటరిని కాదని తెలుస్తుంది. గోల చేసేవాడు అనే ముద్ర కూడా మూడో మనిషి మీద అంత తేలిగ్గా పడదు. "ఆవిడ ఇక్కడే పుట్టానని చెప్పారు కదండీ" అని ఆ ప్యాలెస్‌లో ఎవరైనా మెల్లగా ఒక మాట అందించి ఉంటే, ప్రశ్న అన్నిసార్లు వచ్చేది కాదేమో.

తప్పు తగిలిన సందర్భాలు

నొచ్చుకునేవాళ్ల వైపు పొరపాట్లు లేవని అనను. 1999 జనవరిలో వాషింగ్టన్ నగర మేయర్ ఆఫీసులో ఒక తెల్లజాతి అధికారి బడ్జెట్ గురించి మాట్లాడుతూ "నిగర్డ్‌లీ" అనే పాత ఇంగ్లీష్ మాట వాడాడు. పిసినారితనంగా అని దాని అర్థం. నల్లజాతివాళ్లను తరతరాలుగా కించపరిచిన ఒక తిట్టుకు దగ్గరగా వినిపిస్తుంది కానీ, పుట్టుకలో దానికీ దీనికీ సంబంధం లేదు. విన్న ఒకరు నొచ్చుకున్నారు, వార్త పాకింది, అతను రాజీనామా చేశాడు, మేయర్ ఆమోదించాడు. ఆ మేయర్ నల్లజాతివాడే. నల్లజాతి హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ సంస్థకు అప్పట్లో బోర్డు ఛైర్మన్‌గా ఉన్న జూలియన్ బాండ్ ఆ అధికారినే సమర్థించారు. చివరికి మేయర్ తాను తొందరపడ్డానని ఒప్పుకుని, అతన్ని తిరిగి ఉద్యోగంలోకి పిలిచాడు.

ఆ మాట విన్న క్షణంలో ఆ మనిషి గుండె ఝల్లుమనడం అబద్ధం కాదు. కానీ ఒక్క రోజు ఆగి, ఏమన్నాడు, దేని గురించి అన్నాడు అని అడిగి ఉంటే ఉద్యోగం దాకా వెళ్లేది కాదు. ముందు చెప్పుకున్న బ్రిటన్ చట్టం లెక్కలో చూస్తే, పరిస్థితులేమిటి, అలా అనిపించడం సబబేనా అనే రెండింటినీ దాటేసి, ఎలా అనిపించింది అన్నదాని దగ్గరే తీర్పు ఇచ్చేశారు.

శాస్త్రవేత్తల్లోనూ దీని మీద వాదన ఉంది. 2017లో స్కాట్ లిలియన్‌ఫెల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మైక్రోఅగ్రెషన్ అనే భావన మరీ వదులుగా ఉందని, దేన్నైనా అందులోకి లాగొచ్చని విమర్శించారు. ఇలాంటివి అనకూడదు అంటూ జాబితాలు పంచడం, వాటితో శిక్షణలు ఇవ్వడం కొంతకాలం ఆపమన్నారు. చిన్న చిన్న అవమానాలు ఉండవని మాత్రం ఆయన అనలేదు. జాబితాల విషయంలో నాకూ ఆయన మాటే సరైనదనిపిస్తుంది. "మీది ఏ ఊరు?" అన్న మాటను జాబితాలో పెట్టి నిషేధిస్తే, మనుషులు ఒకరినొకరు పలకరించుకోవడమే మానేస్తారు. ఆ ప్రశ్న అడగడం కన్నా, జవాబు వచ్చాక దాన్ని నమ్మకపోవడమే అసలు గుచ్చుకునేది.

"మీవాళ్లంతా నాకు ఒకేలా కనిపిస్తారు" అనే మాట సంగతి కూడా చెప్పాలి. వేరే జాతి ముఖాలను గుర్తుపట్టడంలో మనుషులు తడబడతారని 1960ల నుంచి పరిశోధకులకు తెలుసు. కొరియాలో పుట్టి, 3 నుంచి 9 ఏళ్ల మధ్య ఫ్రాన్స్‌కు దత్తత వెళ్లి పెరిగినవాళ్ల మీద 2005లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లు ఆసియా ముఖాలకన్నా యూరప్ ముఖాలనే బాగా గుర్తుపట్టారు. అంటే ఇది రక్తంలో ఉన్నది కాదు, ద్వేషం వల్ల వచ్చేదీ కాదు. చుట్టూ ఎవరిని చూస్తూ పెరిగామో దాన్ని బట్టి కన్ను అలవాటు పడుతుంది. ఇద్దరు సహోద్యోగుల పేర్లు తారుమారు చేసినవాళ్లు దుర్మార్గులు కానక్కర్లేదు. అయితే కారణం తెలిసింది కదా అని బాధ్యత తీరిపోదు. ఆఫీసులో ఉన్న ఇద్దరినే ఏడాది దాటినా గుర్తుపెట్టుకోలేకపోతే, ఆ ఇద్దరికీ అర్థమయ్యేది కంటి అలవాటు గురించిన శాస్త్రం కాదు, తమను ఎవరూ సరిగ్గా చూడటం లేదన్న సంగతి.

సారీ చెప్పడం దగ్గర

అన్నవాళ్ల వైపు నుంచి చూస్తే, "నువ్వన్నది జాత్యహంకారంలా ఉంది" అని వినగానే చెవుల్లో పడేది "నువ్వు చెడ్డవాడివి" అనే. వెంటనే టెన్షన్ మొదలవుతుంది. నాకు ఆ జాతి స్నేహితులున్నారు, నేను అలాంటివాణ్ణి కాదు, సరదాకన్నాను అని వరసగా సాక్ష్యాలు తెస్తాం. అవన్నీ మన గుణం గురించిన సాక్ష్యాలు. అడిగింది మన మాట గురించి. మన గుణాన్ని కాపాడుకునే హడావిడిలో, నొప్పి పడిన మనిషి మనల్ని ఓదార్చాల్సిన స్థితికి వస్తారు. "అయ్యో, మీరు మంచివాళ్లే, నాకు తెలుసు" అని వాళ్లే అనాల్సి వస్తుంది. ఇది నేను చాలాసార్లు చూశాను, చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

"మీరు నొచ్చుకుని ఉంటే సారీ" అనేది ఎంతో మర్యాదగా వినిపిస్తుంది కానీ, అందులో క్రియ అవతలివాళ్లది. నొచ్చుకోవడం మీ పని, ఒకవేళ చేసి ఉంటే విచారిస్తున్నాను అన్నట్టు. "నా మాట మిమ్మల్ని నొప్పించింది, సారీ" అన్నప్పుడు క్రియ మన దగ్గరికి వస్తుంది. ఇందులో నేను చెడ్డవాణ్ణి అని ఒప్పుకోవడం ఎక్కడా లేదు. ఉద్దేశం గురించి తర్వాత, అడిగితే చెప్పొచ్చు. నొచ్చుకున్నవాళ్లకు కూడా ఇలాంటి వీలే ఉంది. "మీరు జాత్యహంకారి" అనేకన్నా "ఆ మాట నాకు ఇలా తగిలింది, చిన్నప్పటి నుంచీ వింటున్నాను" అంటే, అన్నవాళ్లకు తలుపు మూసుకోదు. ఎప్పుడూ ఇంత ఓపిగ్గా చెప్పడం వాళ్ల బాధ్యత కాదు, అలసిపోయిన రోజు చెప్పకుండా లేచి వెళ్లిపోయే హక్కూ వాళ్లకు ఉంది. కావాలని, పదేపదే, తెలిసీ అనేవాళ్ల దగ్గర ఈ ఓపిక అసలు అక్కర్లేదు. అక్కడ ఫిర్యాదే సరైన దారి.

2022 డిసెంబర్ 16న లేడీ హస్సీ, ఎన్గోజీ ఫులానీ అదే ప్యాలెస్‌లో మళ్లీ కలుసుకున్నారు. పెద్దావిడ క్షమాపణ చెప్పారు, తన మాటల వల్ల కలిగిన బాధకు విచారం తెలిపారు, ఈ విషయాల గురించి ఇంకా తెలుసుకుంటానన్నారు. ఫులానీ ఆ క్షమాపణను అంగీకరించారు, అందులో దురుద్దేశం లేదని గుర్తించారు. ఆ ఇద్దరూ ఒక గదిలో కూర్చుని రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు చెప్పుకోగలిగారు: బాధ కలిగింది నిజం, ద్వేషం లేదన్నదీ నిజం.

బయట మాత్రం అలా జరగలేదు. ఫులానీ మీద, ఆమె సంస్థ మీద తిట్లు, బెదిరింపులు ఆగలేదు. 2023 మార్చిలో ఆవిడ తాను పెట్టిన సంస్థ అధిపతి పదవి నుంచి తప్పుకున్నారు. ఆ తిట్లు రాసినవాళ్లలో ఎవరూ ఆ రోజు ఆ గదిలో ఉండి ఉండరు.